రెండు క్లస్టర్ల మధ్య వేడి వాయువు కోసం: టెలిస్కోప్ టైమ్ అడిగిన దగ్గర నుంచి పేపర్ దాకా నా అనుభవం

ఎక్స్‌రే టెలిస్కోప్ మీద అబ్జర్వింగ్ టైమ్‌కు ఎలా అప్లై చేయాలో చెప్పే గైడ్లు చాలానే ఉన్నాయి. అప్లై చేశాక ఎన్నాళ్లు ఎదురుచూడాలో, డేటా చేతికొచ్చాక ఎక్కడెక్కడ ఇరుక్కుంటామో చెప్పేవాళ్లు తక్కువ. నా పీహెచ్‌డీలో పెద్ద భాగం ఈ ఒక్క పనికే పోయింది. పేపర్‌ను సరిచేసి ఈమధ్యే మళ్లీ పంపాం. అంతా ఇంకా తాజాగా గుర్తుండగానే రాసిపెడుతున్నాను. పేపర్ రిఫరీ (జర్నల్ తరఫున దాన్ని పరీక్షించే శాస్త్రవేత్త) దగ్గర ఉంది కాబట్టి నేను చూసిన గెలాక్సీ క్లస్టర్ల, అంటే గెలాక్సీల గుంపుల, పేర్లు మాత్రం చెప్పను.

అసలు ఆలోచన రోశాట్ మ్యాపు చూస్తుంటే వచ్చింది. 1990లో ప్రయోగించిన ఆ ఉపగ్రహం ఆకాశమంతా ఎక్స్‌రేలలో చేసిన సర్వే ఇప్పటికీ ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఒక సూపర్‌క్లస్టర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు గెలాక్సీ క్లస్టర్లు అందులో రెండు మచ్చల్లా ఉన్నాయి. ఆ రెంటి నడుమ ఏదో ఉందా లేదా అన్నట్టు ఒక సన్నని పొర. అక్కడి నుంచి వెలుగు మనదాకా రావడానికి దాదాపు 70 కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ పొర నిజమైతే, రెండు క్లస్టర్లనూ కలుపుతున్న వేడి వాయువు అయ్యుండాలి. సూపర్‌క్లస్టర్ అంటే పక్కపక్కన కనిపించే క్లస్టర్ల గుంపు మాత్రమేనా, లేక వాటి మధ్య పదార్థం కూడా నిజంగా కలిసి ఉందా అన్న ప్రశ్న నన్ను అప్పటికే పట్టుకుని ఉంది. మా గైడ్‌కు చూపిస్తే, "మేడమ్, ఇది నాయిస్ కూడా కావచ్చు" అని నేను అనేలోపే ఆవిడ "నాయిస్ అయితే అదీ తెలియాలి కదా, ప్రపోజల్ రాయి" అన్నారు.

2022 ఆగస్టులో ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ప్రపోజల్స్‌కు పిలుపు వచ్చింది. యూరోపియన్ అంతరిక్ష సంస్థ 1999 డిసెంబరులో ప్రయోగించిన టెలిస్కోప్ ఇది. నాసా వారి చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ చిత్రాలు దీనికన్నా ఎంతో స్పష్టంగా ఉంటాయి. మాకు కావలసింది మాత్రం స్పష్టత కాదు, వీలైనన్ని ఎక్కువ ఫోటాన్లు (వెలుగు కణాలు) పట్టే అద్దాలు, అర డిగ్రీ వెడల్పు కనిపించే ఫీల్డ్. అందుకే దీన్నే ఎంచుకున్నాం. రుసుము లాంటిదేమీ ఉండదు, ఏ దేశంవాళ్లయినా అడగొచ్చు. అయితే ఉన్న టైమ్‌కు ఆరేడు రెట్లు అడిగేవాళ్లుంటారు. డబ్బు ఖర్చు లేదు కానీ రెండు నెలలు వేరే పని ముట్టుకోకుండా కూర్చోవాలి.

ఆ రెండు నెలల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నకు పోయింది: ఎన్ని గంటలు అడగాలి? క్లస్టర్‌లోని వాయువు ఇచ్చే ఎక్స్‌రే వెలుగు దాని సాంద్రత వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది. సాంద్రత వందో వంతుకు పడిపోతే వెలుగు పదివేలో వంతుకు పడిపోతుంది. మేం వెతుకుతున్న చోట పది లీటర్ల జాగాలో ఒక్క కణం ఉంటే గొప్ప. క్లస్టర్ నడిబొడ్డు కొద్ది నిమిషాల్లోనే మెరుస్తూ కనిపిస్తుంది, ఈ మధ్య భాగం గంటల తరబడి చూసినా ఆకాశపు బ్యాక్‌గ్రౌండ్ కన్నా కొంచెమే ఎక్కువ ఉంటుంది. ఎక్స్‌స్పెక్ సాఫ్ట్‌వేర్‌లో 'ఫేకిట్' అనే కమాండ్‌తో నకిలీ స్పెక్ట్రమ్‌లు (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎక్స్‌రేలు వస్తాయో చూపే గ్రాఫులు) తయారుచేసి, ఎంతసేపు చూస్తే ఉష్ణోగ్రత తేలుతుందో లెక్క కట్టాను. చివరికి రెండు పాయింటింగ్‌లు అడిగాం. ఒకటి రెండు క్లస్టర్ల నడుమకు, ఇంకొకటి కాస్త పక్కకు జరిపి, వాయువు లేదనుకున్న ఆకాశం కూడా ఫీల్డ్‌లోకి వచ్చేలా. ఒక్కోటి 45 కిలోసెకన్లు, అంటే పన్నెండున్నర గంటలు.

ఫామ్‌లో చిన్నవిగా కనిపించే గడులే తర్వాత పెద్దవవుతాయి. ఫిల్టర్ సంగతే తీసుకోండి. కెమెరా ముందు పలుచనిది, మధ్యస్థం, మందం అని మూడు రకాలు ఉంటాయి. పలుచనిది పెడితే తక్కువ శక్తి ఎక్స్‌రేలు ఎక్కువ వస్తాయి, కానీ ఫీల్డ్‌లో మామూలు వెలుగులో మెరిసే నక్షత్రం ఉంటే ఆ వెలుగు కూడా లోపలికి జొరబడి డేటాను పాడుచేస్తుంది. మా ఫీల్డ్ అంచున అలాంటి నక్షత్రం ఒకటుంది. దాని మీద వారం రోజులు చర్చించుకుని మధ్యస్థం అడిగాం. అక్టోబరు మొదటి వారంలో గడువు. గడువుకు ముందురోజే పంపేశాం కానీ, ఆ రాత్రి ఇంకోసారి తెరిచి చదవకుండా ఉండలేకపోయాను.

డిసెంబరు మధ్యలో మెయిల్ వచ్చింది. బీ ప్రయారిటీతో రెండు పాయింటింగ్‌లూ ఇచ్చారు. ఏ, బీ వస్తే అబ్జర్వేషన్ జరుగుతుందన్న భరోసా ఉంటుంది. సీ వస్తే షెడ్యూల్‌లో ఖాళీ దొరికితేనే. ఆ మెయిల్‌ను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్యానెల్ వ్యాఖ్యల్లో ఒక మాట ఉంది: క్లస్టర్ల అంచులు ఒకదాని మీద ఒకటి పడినా వంతెనలాగే కనిపిస్తుంది, దాన్నెలా వేరుచేస్తారో జాగ్రత్త. అప్పట్లో ఆ సంతోషంలో అది మామూలు సూచనలాగే అనిపించింది. రెండేళ్ల తర్వాత రిఫరీ కూడా సరిగ్గా అక్కడే పట్టుకున్నారు.

టైమ్ దొరికినంత మాత్రాన వెంటనే చూడరు. ఆ విడత అబ్జర్వేషన్లు 2023 మేలో మొదలయ్యాయి. పైగా ఏ టార్గెట్ అయినా ఏడాది పొడవునా అందుబాటులో ఉండదు. టెలిస్కోప్ ఎప్పుడూ సూర్యుడికి ఇంచుమించు లంబకోణంలోనే చూడాలి, అటూ ఇటూ 20 డిగ్రీలకు మించి తిరగకూడదు. అందువల్ల మా టార్గెట్‌కు ఏడాదికి రెండే కిటికీలు: జులై-ఆగస్టు, మళ్లీ జనవరి-ఫిబ్రవరి. ప్రపోజల్ పంపిన రోజు నుంచి మొదటి ఫోటాన్ వచ్చేదాకా దాదాపు పది నెలలు. ఈ గ్యాప్‌లో ఆర్కైవ్‌లో పాత డేటా తీసి, వేరే క్లస్టర్ మీద మొత్తం అనాలిసిస్ ఒకసారి చేసి చూశాను. ఇది నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికన్నా ఉపయోగపడింది. మన డేటా వచ్చాక నేర్చుకుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది.

2023 జులై చివర్లో మొదటి పాయింటింగ్ షెడ్యూల్‌లో కనిపించింది. ఆ రోజు మనం చేసేదేమీ ఉండదు. టెలిస్కోప్ దగ్గర కూర్చోవడం, లైవ్‌లో చూడటం లాంటివి లేవు. 48 గంటలకు ఒకసారి భూమిని చుట్టే ఆ ఉపగ్రహం దూరంగా ఉన్నంతసేపే చూస్తుంది, భూమికి దగ్గరగా వచ్చి రేడియేషన్ బెల్టుల్లోకి దిగేటప్పుడు కెమెరాలు మూసేస్తారు. మన పన్నెండున్నర గంటలు పైన ఎక్కడో గడిచిపోతాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డేటా ఆగస్టులో వచ్చింది. డౌన్‌లోడ్ అయిన వెంటనే చేసేది బొమ్మ చూడటం కాదు, లైట్ కర్వ్ గీయడం. పది కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్, ఎక్స్‌రేల శక్తిని కొలిచే యూనిట్) పైన క్లస్టర్ నుంచి వచ్చేది దాదాపు శూన్యం. కాబట్టి అక్కడ సెకనుకు ఎన్ని కౌంట్లు వస్తున్నాయో గీస్తే, అవన్నీ క్లస్టర్‌వి కావని తెలిసిపోతుంది. భూమి చుట్టుపక్కల తిరిగే తక్కువ శక్తి ప్రోటాన్లు ఎక్స్‌రేల కోసం కట్టిన అద్దాల మీదే జారి, నేరుగా కెమెరాలో పడతాయి. వీటినే సాఫ్ట్ ప్రోటాన్ ఫ్లేర్లు అంటాం. నా గ్రాఫ్‌లో మొదటి రెండు గంటలు గీత బల్లపరుపుగా ఉంది. ఆ తర్వాత నిటారుగా లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఈ టెలిస్కోప్‌లోని మూడు కెమెరాల్లో ఒకటైన పీఎన్‌లో సెకనుకు 0.4 కౌంట్ల లోపు ఉంటే మంచి సమయం కింద లెక్క. మా గీత కొన్నిచోట్ల అంతకు పదుల రెట్లు పైకి పోయింది. కోసేసి చూస్తే 45 కిలోసెకన్లలో పీఎన్‌కు 16, మిగతా రెండైన మాస్ కెమెరాలకు 24 మిగిలాయి.

ఇలా జరుగుతుందని తెలుసు. సగటున మూడో వంతుకు పైగా సమయం ఫ్లేర్లకే పోతుందని ప్రపోజల్‌లో నేనే రాశాను. అయినా ఏడాది ఎదురుచూసి తెచ్చుకున్న గంటలు అలా కొట్టేసుకుంటూ పోతుంటే కడుపు తరుక్కుపోయింది. రెండు రోజులు ఆ ఫైల్ తెరవలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేదేమిటంటే, కావలసిన దానికన్నా ఎక్కువ అడగండి, ఎందుకు అడుగుతున్నారో ఈ లెక్కతోనే చూపించండి. అడిగినందుకు ప్యానెల్ ఏమీ అనుకోదు.

తర్వాత బొమ్మ. ఇక్కడ ఇంకో ఆశ్చర్యం. మాస్1 కెమెరాలో ఏడు సీసీడీలు (వెలుగును పట్టే చిప్‌లు) ఉండాలి. సూక్ష్మ ఉల్కల దెబ్బకు 2005లో ఒకటి, 2012లో ఇంకొకటి పోయాయి. ఇది అందరికీ తెలిసిన విషయమే. ఆ రెండు చీకటి చతురస్రాలు ఆకాశంలో ఏ వైపున పడతాయన్నది మాత్రం ఏ కోణంలో చూశామన్న దాన్ని బట్టి ఉంటుంది. జులైలో వాటిలో ఒకటి సరిగ్గా వంతెన ఉండాల్సిన చోట ఒక చివరను మింగేసింది. రెండో పాయింటింగ్‌ను కాస్త పక్కకు జరిపాం కాబట్టి అందులో ఆ ఖాళీలు ఆకాశంలో వేరే చోట పడ్డాయి. అది 2024 జనవరిలో జరిగింది. ఆ చివర అందులో కూడా పడేలాగే పెట్టాం కాబట్టి, జులైలో పోయిన చోటు జనవరిలో దొరికింది. ఇలా ముందే ప్లాన్ చేయలేదు, కలిసొచ్చింది. మీరు మాత్రం ప్రపోజల్ రాసేటప్పుడే ఏ కిటికీలో ఏ కోణం వస్తుందో చూసుకుని, అవసరమైతే అడగండి.

జనవరి డేటా దాదాపు శుభ్రంగా వచ్చింది. ఆ లైట్ కర్వ్‌ను చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. చివరిదాకా బల్లపరుపే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2024 జనవరి 31న, ఇరోసిటా మొదటి సర్వే బయటికొచ్చింది. 2019లో ప్రయోగించిన ఆ టెలిస్కోప్ సగం ఆకాశంలో దాదాపు 9 లక్షల ఎక్స్‌రే వస్తువులను, వాటిలో 12 వేలకు పైగా క్లస్టర్లను ఒకేసారి ముందు పెట్టింది. వెయ్యికి పైగా సూపర్‌క్లస్టర్ల జాబితా కూడా వచ్చింది. ఆనందం, టెన్షన్ రెండూ కలిసి వచ్చాయి. మన వంతెనను ఇంకెవరైనా ముందే ప్రకటిస్తే? ఆ రాత్రే మా టార్గెట్ చుట్టూ మ్యాప్ తీసి చూశాం. రెండు క్లస్టర్లూ చక్కగా ఉన్నాయి. సర్వేలో ఒక్కో చోటును చూసింది కొన్ని నిమిషాలే కాబట్టి, నడుమ భాగం తేలలేదు. ఊపిరి పీల్చుకున్నాను. పోటీ భయం పోయాక అదే మ్యాప్ మాకు పనికొచ్చింది. మా ఫీల్డ్ బయట ఆకాశపు బ్యాక్‌గ్రౌండ్ ఎలా ఉందో దాన్నుంచి సరిచూసుకున్నాం.

ఇక అసలు పని బ్యాక్‌గ్రౌండ్. 2024లో నేను చేసిందంతా ఇదే. మొదటగా, వెనకాల దూరంగా ఉన్న బ్లాక్ హోల్ గెలాక్సీలన్నీ చుక్కలుగా కనిపిస్తాయి. వాటిని గుర్తించి ఒక్కోదాని చుట్టూ వృత్తం గీసి తీసేయాలి. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ టూల్ పేరే 'చీజ్'. అది చేశాక బొమ్మ నిండా రంధ్రాలే. మిగిలిన దాంట్లో కెమెరాను కాస్మిక్ కిరణాలు తాకి పుట్టించే కౌంట్లుంటాయి, ఫిల్టర్ మూసి తీసిన డేటాతో వాటిని కొలవాలి. ఆ కెమెరాలోని పదార్థాలే వెలిగి ఇచ్చే గీతలు ఉంటాయి: మాస్‌లో 1.49 కేఈవీ దగ్గర అల్యూమినియం, 1.74 దగ్గర సిలికాన్, పీఎన్‌లో 8 దగ్గర రాగి. కోసేసినా మిగిలిపోయిన ప్రోటాన్లు వేరే. ఆపైన మన సౌరమండలం చుట్టూ ఉన్న వేడి బుడగ, దాని వెనక మన గెలాక్సీ హేలో, దాని వెనక తీసేయలేనంత మసక బ్లాక్ హోల్స్ అన్నీ కలిసిన వెలుగు. ఇవన్నీ పోగా మిగిలింది, మిగిలితే, వంతెన.

ఒక నెలంతా నన్ను పట్టుకున్న చిక్కు చెబుతాను. జులై, జనవరి స్పెక్ట్రమ్‌లు రెండూ ఒకే ఆకాశాన్ని చూసిన చోట కూడా కలవలేదు. తేడా అంతా 0.57, 0.65 కేఈవీల దగ్గరే ఉంది. ఆ రెండూ ఆక్సిజన్ గీతలు. సూర్యుడి నుంచి వీచే గాలిలోని ఆక్సిజన్ అయాన్లు భూమి చుట్టూ ఉన్న హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని ఎక్స్‌రేలు ఇస్తాయి. సౌర గాలి బలంగా ఉన్న రోజున ఇవి పెరుగుతాయి. సూర్యుడి వైపు నుంచి గాలిని కొలిచే ఏస్ ఉపగ్రహం రికార్డులు తీసి చూస్తే, రెండింటిలో ఒక అబ్జర్వేషన్ సమయంలో గాలి నిజంగానే బలంగా ఉంది. 70 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి వాయువు ఉష్ణోగ్రత తేల్చడానికి, ఆ రోజు సూర్యుడు ఎలా ఉన్నాడో చూడాల్సి వచ్చింది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ భాగమే. ఆ రెండు గీతలకూ మోడల్‌లో విడిగా చోటిచ్చాక రెండు స్పెక్ట్రమ్‌లూ కలిశాయి.

క్లస్టర్లలో ఒకదాని స్పెక్ట్రమ్ గురించి కూడా చెప్పాలి. అది తేలికైన భాగమే, ఫోటాన్లు బోలెడు. ఫిట్ చేస్తే 5 కేఈవీ చుట్టూ వచ్చింది, అంటే దాదాపు ఆరు కోట్ల డిగ్రీలు. నునుపుగా దిగిపోతున్న ఆ వంపు మీద ఒకచోట చిన్న బొడిపె లేచి ఉంది. అదే ఇనుము గీత. 6.7 కేఈవీ దగ్గర పుట్టింది, విశ్వం వ్యాకోచం వల్ల జరిగి 6.4 దగ్గర కనిపిస్తోంది. పర్సియస్ క్లస్టర్‌లో ఈ గీతను 1976లో ఏరియల్ 5 ఉపగ్రహంతో కనిపెట్టారని ఎన్నోసార్లు చదివాను. ఆ వాయువులో ఇనుము ఉందంటే, అది ఒకప్పుడు నక్షత్రాల్లో తయారై, అవి పేలి, గెలాక్సీల నుంచి బయటికి వచ్చి అక్కడ చేరిందన్నమాట. మేం అడిగి తెచ్చుకున్న గంటల్లో, నా స్క్రీన్ మీద, ఎర్రర్ బార్లతో సహా కనిపిస్తుంటే కళ్లు చెమర్చాయి. లాబ్‌లో పక్కన కూర్చునే అమ్మాయిని పిలిచి చూపించాను. తను చూసి, "అన్నీ పక్కనపెట్టి ఇదొక్కటి ప్రింట్ తీసి పెట్టుకో" అంది. పెట్టుకున్నాను.

వంతెన మాత్రం అంత సులువుగా లొంగలేదు. ప్యానెల్ హెచ్చరించింది ఇదే కదా. ప్రతి క్లస్టర్‌కూ వంతెన లేని వైపు వెలుగు దూరంతో పాటు ఎలా తగ్గుతుందో కొలిచాం. అదే తగ్గుదల వంతెన వైపు కూడా ఉంటుందనుకుని రెండింటినీ కలిపి తీసేశాం. ఇంకా మిగిలింది. బ్యాక్‌గ్రౌండ్ పారామీటర్లన్నీ కదలనిస్తూ కంప్యూటర్‌ను రాత్రంతా నడిపితే, పొద్దున్నకు ఉష్ణోగ్రత 1.3 కేఈవీ దగ్గర స్థిరపడింది. కోటీ యాభై లక్షల డిగ్రీలు. పారామీటర్లు ఎటు కదిపినా సున్నాకు మాత్రం దిగలేదు. మేడమ్‌కు చూపిస్తే ముందు సంతోషపడలేదు. "మాస్ వేరుగా, పీఎన్ వేరుగా చెయ్యి. తర్వాత జనవరి ఒక్కదానితో చెయ్యి" అన్నారు. చేశాను. ఎర్రర్లు పెరిగాయి, జవాబు మారలేదు. అప్పుడు నవ్వారు.

2024 చివర్లో పేపర్ పంపాం. ఈలోపు, డేటా మన చేతికి అందిన రోజు నుంచి మనకే ఉండే ఏడాది గడువు మొదటి పాయింటింగ్‌కు ముగిసిపోయింది. ఎవరైనా తీసుకుని చేయొచ్చన్నమాట. ఈ గడియారం డేటా వచ్చిన రోజే మొదలవుతుందని గుర్తుపెట్టుకోండి. రెండు పాయింటింగ్‌ల మధ్య ఆరు నెలల తేడా ఉంటే, రెండోది శుభ్రం చేసుకునేలోపే మొదటిది అందరి చేతుల్లోకి వెళ్తుంది.

రిఫరీ రిపోర్టుకు పది వారాలు పట్టింది. ఊహించిన ప్రశ్నే మొదటిది: ఇది రెండు క్లస్టర్ల అంచులు కలిసిన వెలుగు కాదని ఎలా చెప్తారు? క్లస్టర్లు గుండ్రంగా కాకుండా ఒకవైపు సాగి ఉంటే మీ తీసివేత సరిపోతుందా? న్యాయమైన ప్రశ్న. కోలగా సాగిన మోడల్‌తో మళ్లీ అంతా చేశాం. మిగులు తగ్గింది, పోలేదు. ఆ మధ్యలోనే క్యాలిబ్రేషన్ ఫైళ్లు మారాయి, దాంతో మొదటి దశ నుంచి మొత్తం మళ్లీ నడిపాం. ఇలాంటివి వస్తాయి కాబట్టి ప్రతి కమాండ్‌నూ స్క్రిప్టులో రాసి పెట్టుకోండి. చేత్తో చేసి ఉంటే ఇంకో ఆరు నెలలు పట్టేది. స్క్రిప్టుల పుణ్యమా అని నాలుగు రోజుల్లో తేలిపోయింది.

రిఫరీ ఇంకొకటి అడిగారు. వంతెనలోని వాయువులో లోహాల శాతం ఎంత? అక్కడ ఇనుము గీత కనిపించేంత ఫోటాన్లు మాకు లేవు. సూర్యుడిలో ఉన్న దానిలో 0.2 వంతు అనుకుని ఫిక్స్ చేశాం, 0.1, 0.3 పెట్టినా ఉష్ణోగ్రత ఎర్రర్ లోపలే ఉంటోందని టేబుల్ చూపించాం. లోహాలను కొలవాలంటే ఇప్పుడున్న దానికి కనీసం మూడు రెట్లు శుభ్రమైన సమయం కావాలని లెక్క వేసి, ఆ లెక్కను కూడా జవాబులో పెట్టి పంపాం. వచ్చే అక్టోబరు ప్రపోజల్‌కు ఆ పేరానే మొదటి డ్రాఫ్ట్.